సముద్రం లేని నేల మీద సముద్రపు కొలువు

మన బడిలో చదువుకున్న వాళ్లలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది ఏ ఉద్యోగం పనిమీదో, తిరుపతి పోయి అటునుంచి మద్రాసు చూసొద్దామని బయలుదేరినప్పుడో అయి ఉంటుంది. వీపనగండ్లకు పెద్ద నీళ్లంటే కృష్ణే. బంగాళాఖాతమంటే తరగతి గోడకు వేలాడే పటంలో కుడిపక్కనున్న నీలిరంగు. సార్ బెత్తంతో దాని మీద గీత గీసి, ఈశాన్య రుతుపవనాలు ఇటునుంచి వస్తాయని చెప్పేవారు. మనం రాసుకునేవాళ్లం. పరీక్షలో నాలుగు మార్కులు వచ్చేవి. అంతకు మించి ఆ నీలిరంగుతో మనకేం పని అనుకున్నాం.

పని ఉందని 2009లో తెలిసింది. ఆ ఏడు వానకాలమంతా ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పెట్టాయి. పంట పోయిందని అందరూ చేతులు దులుపుకున్నాక, సెప్టెంబరు చివర బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పుట్టింది. అది కర్ణాటక, కర్నూలు, పాలమూరు మీదుగా కుమ్మరించిన వానకు అక్టోబరు 2న శ్రీశైలంలోకి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, నది ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఏడాదికి సగటున 604 మిల్లీమీటర్లు మాత్రమే పడే జిల్లా మనది. కరువూ, వరదా ఒకే నెలలో చూశాం. రెండూ వచ్చింది ఆ నీలిరంగు వైపు నుంచే.

ఆ సముద్రాన్నీ, దాని మీది గాలినీ రాత్రింబవళ్లు కనిపెట్టి చూసే ప్రభుత్వ ఉద్యోగుల దండు ఒకటి మన దేశంలో ఉంది. అందులో ముఖ్యమైన కొలువు ఒకటి సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన, మన హైదరాబాదులో ఉంది. ఈ దండు ఎట్లా తయారైంది, ఎవరిని తీసుకున్నారు, ఎవరు నేర్పారు అన్నది మన సంచికకు తగిన కథ అని నాకనిపించింది. యంత్రాల చరిత్ర చాలామంది రాస్తారు. మనుషుల చరిత్ర రాసేవాళ్లు తక్కువ.

మొదలు ఒక తెలుగు విషాదంతోనే పెట్టాలి. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరగకుండానే, నవంబరు 1న, బందరు మీద ఉప్పెన పడింది. ముప్పై వేల మందికి పైగా పోయారు. కలకత్తా రాజధాని కాబట్టి చరిత్ర పుస్తకాల్లో ఆ తుపానే మిగిలింది, బందరు మాట ఎవరూ ఎత్తరు. ఆ వెంటనే 1866లో ఒకసారి, 1871లో ఇంకొకసారి వానలు తప్పాయి. ఒడిశాలో జనం ఆకలితో రాలిపోయారు. అప్పటిదాకా బెంగాలుకొకటి, మద్రాసుకొకటి అన్నట్టు ఎవరి కొలతలు వాళ్లవే. ఒకరి లెక్క ఒకరికి పొసగదు. అన్నిటినీ ఒక తాటి మీదికి తేవడానికి 1875లో భారత వాతావరణ శాఖను పెట్టారు. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని తొలి అధికారి.

శాఖ పెట్టినంత మాత్రాన మనుషులు దొరకరు కదా! పై ఉద్యోగాలన్నీ ఇంగ్లీషు వాళ్లవి. కింద ఊరూరా వానను కొలిచి, వాయుపీడనం చూసి, తంతి కొట్టే వాళ్లంతా మనవాళ్లు: ఆసుపత్రి సిబ్బంది, పోస్టుమాస్టర్లు, తాలూకా కచేరీ గుమాస్తాలు. మొదటి భారతీయ అధికారిగా రుచిరామ్ సాహ్ని 1885లో చేరారు. ఆయన రెండేళ్లకే వదిలేసి లాహోరులో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయారు. పంతులు ఉద్యోగం గొప్పదని మన సార్లు చెప్పుకోవడానికి ఇదొక సాక్ష్యం!

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన గణితశాస్త్రవేత్త, వాతావరణం గురించి అంతకుముందు చేసిన పనేమీ లేదు. అయినా ఇరవై ఏళ్లు శాఖను నడిపి, పసిఫిక్ మహాసముద్రం ఒక వైపున పీడనం పెరిగితే మన వైపున తగ్గే ఊగిసలాటను కనిపెట్టాడు. ఇవాళ ఎల్‌నినో అని రేడియోలో వింటున్నామే, దాని సగం కథ అదే. కంప్యూటర్లు లేని కాలంలో దేశదేశాల పీడనాలు, వానలు, నదుల మట్టాలు అన్నీ ఒకదానితో ఒకటి పోల్చి లెక్కగట్టాలి. ఆ లెక్కలు కట్టింది భారతీయ గుమాస్తాలు. పేరు వాకర్‌ది, కూడికలు, గుణకారాలు మనవాళ్లవి. శాఖకు తొలి భారతీయ డైరెక్టర్ జనరల్‌గా ఎస్.కె. బెనర్జీ వచ్చేసరికి 1944 అయింది. పెట్టిన నాటినుంచి 69 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు గాలి సమాచారం కావాల్సి వచ్చి, పుణేలో పద్ధతిగా శిక్షణ మొదలయ్యాకే ఈ శాఖలోకి మనవాళ్లు పెద్ద సంఖ్యలో అడుగుపెట్టగలిగారు.

మరి నిజాం రాజ్యం? మన వైపు కథ వేరు. 1901లో నవాబు జాఫర్ జంగ్ సొంత డబ్బుతో ఒక పెద్ద దూరదర్శిని తెప్పించి హైదరాబాదులో వేధశాల కట్టుకున్నారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే నిజామియా వేధశాల. నక్షత్రాల పటాలు గీయడం దాని అసలు పని. దాంతోపాటు వాతావరణ కొలతలు, భూకంప నమోదు కూడా చూసేవారు. అదే 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చుకుపోయింది. దాని తర్వాత ఏ ఊరిలో ఎంత వాన పడిందన్న లెక్కకు విలువ వచ్చింది. విశ్వేశ్వరయ్య గారు గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల ఆలోచన చేసిందీ ఆ వాన లెక్కల మీదనే. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. సముద్రం మాత్రం ఎవరి పనీ కాదు. రాజ్యానికి తీరమే లేదు.

సముద్రం చదువు తెలుగు నేల మీద మొదలైంది విశాఖపట్నంలో. దీని గురించి కొంచెం నిలబడి చెప్పుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూభౌతికశాస్త్రంతో పాటు వాతావరణం, సముద్రం చదువులు మొలకెత్తాయి. అక్కడ భూగర్భశాస్త్ర శాఖకు పెద్ద కలమూర్ మహదేవన్. ఆయన కలకత్తాలో సి.వి. రామన్ గారి దగ్గర పనిచేసి, తర్వాత ఎన్నో ఏళ్లు మన హైదరాబాదు రాజ్యపు భూగర్భ సర్వేలో ఉద్యోగం చేసిన మనిషి. దక్కను రాళ్లు తిరిగి తిరిగి, చివరికి వాల్తేరు ఒడ్డుకు చేరారు. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ పథకం కింద అక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఓడ లేదు, పరికరాలు అంతంత మాత్రం. నౌకాదళం వాళ్లను అడిగి ఓడలెక్కారు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం, ఒడ్డున ఇసుక ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు కోసుకుపోతుంది, అన్నీ కుర్రవాళ్ల చేతనే కొలిపించారు. ఆ పనంతా 1954లో ఒకటి, 1958లో ఒకటి చొప్పున రెండు సంపుటాలుగా విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. తూర్పు తీరంలో అడుగునీళ్లు పైకి ఎట్లా లేస్తాయి, ఎప్పుడు కిందికి దిగుతాయి అని అప్పుడు కొలిచిన కుర్రవాళ్లలో వి.వి.ఆర్. వరదాచారి ఒకరు. తర్వాత రోజుల్లో ఆయన గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. ఒక చదువు పదేళ్లలో ఎట్లా ఉద్యోగంగా మారుతుందో చూడడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1962 నుంచి 1965 వరకు అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. ఎన్నో దేశాల ఓడలు వచ్చాయి. మనకు అప్పటికి పరిశోధన ఓడంటూ సరిగా లేదు. నౌకాదళంలోని ఒక యుద్ధనౌకను ఈ పనికి మార్చి ఇచ్చారు. దాని పేరు ఐఎన్ఎస్ కిస్త్నా. ఇంగ్లీషు వాళ్ల నోట మన కృష్ణ నది పేరే! మన ఊరి పక్కన పారే నది పేరు పెట్టుకున్న ఓడ, మన దేశపు మొదటి తరం సముద్ర శాస్త్రజ్ఞులకు బడి అయింది. ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం మీకూ పంచాలని ఇంత దూరం తీసుకొచ్చాను.

ఆ యాత్రలోనే, 1963లో, ఆంధ్ర తీరానికి ఎదురుగా సముద్రం అడుగున మూడు లోతైన లోయలు దొరికాయి. లాఫాండ్ వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. హైదరాబాదు సర్వేలో రాళ్లు కొట్టిన మహదేవన్ గారి పేరు సముద్ర గర్భంలో నిలిచింది. ఆయన అప్పటికి ఏడాది ముందే కాలం చేశారు.

యాత్ర ముగిశాక అసలు ప్రశ్న వచ్చింది. ఈ నేర్చుకున్న వాళ్లు ఎక్కడికి పోవాలి? ఓడ దిగిన పిల్లలకు కొలువు లేకపోతే చదువు చెదిరిపోతుంది. అందుకే 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థను పెట్టారు. యాత్రలో మన దేశం పనిని నడిపిన ఎన్.కె. పణిక్కర్‌నే దానికి తొలి డైరెక్టర్‌ను చేశారు. ముందు మనుషులు, తర్వాత సంస్థ. మన దేశంలో చాలాచోట్ల ముందు భవనం కట్టి, తర్వాత మనుషుల కోసం వెతుకుతారు. ఇక్కడ వరస సరిగా కుదిరింది.

గాలి వైపు కూడా తెలుగువారి చేయి తక్కువేం కాదు. వానకాలంలో మన నెత్తి మీద, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాపున, తూర్పు నుంచి పడమరకు ఒక పెనుగాలి పరుగెత్తుతుంది. దాన్ని 1950లలో పట్టి చూపింది పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయనే వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే శాఖలో 1948లో చేరిన అన్నా మణి గారిని కూడా తలుచుకోవాలి. ఆవిడ కేరళ ఆడపడుచు. వానను కొలిచే డబ్బా దగ్గరి నుంచి విదేశాల నుంచే తెప్పించుకునే కాలంలో, వంద దాకా పరికరాల నమూనాలు గీయించి పుణేలోనే తయారు చేయించారు. పరికరం మనది కానంత కాలం దాన్ని బాగుచేసే మనిషి కూడా మనవాడు కాడని ఆవిడకు బాగా తెలుసు.

1970లో తుపానులను కనిపెట్టే తొలి రాడార్ విశాఖలో పెట్టారు. 1974లో అక్కడే తుపాను హెచ్చరిక కేంద్రం వచ్చింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. హెచ్చరిక లేక కాదు. ఆ హెచ్చరిక ఊరి చివరి గుడిసె దాకా చేరి, విన్నవాడు నమ్మి, గొడ్డూ గోదా వదిలి కదిలే ఏర్పాటు లేదు. శాస్త్రజ్ఞుడికీ, జాలరికీ మధ్య ఉండాల్సిన మనుషులు లేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే విరుచుకుపడి రాడార్‌ను కూడా దెబ్బతీసింది. రాష్ట్రంలో మరణాలు వందలోపే. మధ్యలో 37 ఏళ్లు. ఆ తేడాను ఒక్క ఉపగ్రహాల ఖాతాలో రాయడం నాకు ఒప్పుదల కాదు. తహసీల్దారు, వీఆర్వో, పోలీసు, పంచాయతీ మనిషి, అందరూ ఆ దండులో భాగమయ్యారు.

ఇక హైదరాబాదు సంగతి. సముద్రపు కొలువు ఇక్కడికెందుకు వచ్చింది? దానికి జవాబు మన పాత పాలమూరు జిల్లాలోనే ఉంది. 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ వచ్చింది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే నేల కేంద్రాన్ని 1979లో షాద్‌నగర్ దగ్గర పెట్టారు. మనం బస్సులో పట్నం పోతూ జడ్చర్ల దాటాక ఛాయ్ తాగడానికి దిగిన షాద్‌నగరే. సముద్రపు నీటి వేడిని ఉపగ్రహ చిత్రాల్లో చూసి, చేపలు ఎక్కడ గుంపు కడతాయో చెప్పే పని 1990 ప్రాంతంలో హైదరాబాదులోనే మొదలైంది. చల్లటి నీళ్లు, వెచ్చటి నీళ్లు కలిసే గీత దగ్గర మేత ఎక్కువ, మేత ఉన్నచోట చేప ఉంటుంది. ఆ గీతను దక్కను పీఠభూమి మీద కూర్చుని గీసి, రేవుల్లో బోర్డుల మీద రాయించారు. ఒక్క వల కూడా విసరని వాళ్లు జాలరికి దారి చెప్పడం మొదట్లో నవ్వులాటగానే ఉండి ఉంటుంది.

ఆ పనిని పెంచడానికే 1999లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం హైదరాబాదులో ఏర్పడింది. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. దాన్ని మొదట్లో నడిపిన కె. రాధాకృష్ణన్ తర్వాత ఇస్రో అధ్యక్షులయ్యారు. ఇవాళ అది నగరం అంచున ప్రగతినగర్‌లో ఉంది.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి చీలింది. అల మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు, రెండున్నర గంటలు పట్టింది. మన వైపు కొలిస్తే బస్సులో వీపనగండ్ల నుంచి జడ్చర్ల దాటేంత సమయం. అంత సమయం ఉండి కూడా దేశంలో పదివేల మందికి పైగా పోయారు. భూకంపం వచ్చిందని నమోదు చేసిన వాళ్లున్నారు. అది అల అవుతుందా కాదా అని తేల్చి, జిల్లా కలెక్టరుకు ఫోను చేయడం నా బాధ్యత అనే ఉద్యోగి ఒక్కడూ లేడు. ఆ కుర్చీయే లేదు.

ఆ కుర్చీని వేసింది హైదరాబాదులో. సముద్రం, వాతావరణం, భూకంపాలు వేరువేరు గూళ్లలో ఉంటే పని కాదని 2006లో అన్నిటినీ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారు. 2007 అక్టోబరు 15న ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. దానికి నెల ముందే, సెప్టెంబరు 12న, సుమత్రా దగ్గర మళ్లీ పెద్ద భూకంపం వచ్చింది. ఇంకా ప్రారంభం కాని కేంద్రంలో కూర్చున్న వాళ్లు లెక్కలు చూసి, మన తీరానికి ప్రమాదం లేదని తేల్చారు. లక్షల మందిని అనవసరంగా పరుగెత్తించకుండా ఆపారు. ప్రమాదం ఉందని చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, లేదని చెప్పడానికే గుండె కావాలి. 2011 నుంచి ఈ కేంద్రం ఆస్ట్రేలియా, ఇండొనేషియాలతో కలిసి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు కూడా సమాచారం ఇస్తోంది.

అక్కడ ఉద్యోగం అంటే పండగ లేదు, రాత్రి లేదు. వంతులవారీగా ఎవరో ఒకరు తెర ముందు ఉండాలి. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో తొలి కబురు బయటికి పోవాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏమీ జరగదు. ఏమీ జరగని రాత్రుల్లో కూడా మెలకువగా ఉండే మనిషిని తయారు చేయడం కష్టం. ఆ శిక్షణ కోసమే 2013లో అక్కడే ఒక అంతర్జాతీయ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆఫ్రికా, ఆసియా తీరదేశాల ఉద్యోగులు సముద్రం పాఠాలు నేర్చుకోవడానికి హైదరాబాదు వస్తున్నారు. నవ్వొస్తుంది కానీ నిజం.

మన పిల్లలకు ఇందులోకి తోవ ఉందా? ఉంది, పెద్ద రహస్యం కూడా కాదు. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది. 2017లో 1102 పోస్టులకు, 2022లో 990 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ గానీ, కంప్యూటర్ డిగ్రీ గానీ, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా గానీ ఉండి, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి, మొదటి తరగతి మార్కులు ఉంటే చాలు. వనపర్తిలోనో, గద్వాలలోనో డిగ్రీ చేసిన పిల్లలకు అందని ఎత్తేం కాదు. రెండు ప్రకటనల మధ్య ఐదేళ్ల ఎడం ఉందే, అది మాత్రం పిల్లల తప్పు కాదు. 2021లో లోతు సముద్రాల పరిశోధనకు 4,077 కోట్లు, 2024లో మిషన్ మౌసమ్‌కు 2,000 కోట్లు ఇచ్చారు. రాడార్లు, కంప్యూటర్లు కొనడానికి డబ్బు త్వరగా ఖర్చవుతుంది. వాటి ముందు కూర్చునే మనిషి తయారు కావడానికి పదో తరగతి నుంచి లెక్కేస్తే పదేళ్లు.

ఇవాళ మండలానికొకటి చొప్పున రాష్ట్రమంతటా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాన లెక్క దానంతట అదే పట్నం చేరుతుంది. అయినా పాత పద్ధతి పోలేదు. ఉదయం ఎనిమిదిన్నరకు డబ్బా తెరిచి, పట్టిన నీళ్లను కొలగ్లాసులో పోసి, కళ్లు నీటిమట్టానికి సరిగ్గా దించి చూసి, రిజిస్టరులో రాయాలి. ఎనిమిదిన్నరే ఎందుకంటే, దేశమంతా ఆ ఒక్క సమయానికే చూస్తుంది. చూడడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆ ఊరి లెక్క మిగతా ఊళ్లతో కలవదు. బ్లాన్‌ఫర్డ్ కాలంలో పడిన తిప్పలన్నీ దాని గురించే.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమిద్దామని మన సంఘంలో మాట నడుస్తోంది కాబట్టి నాదొక ప్రతిపాదన. ఒక మామూలు వానకొలత డబ్బా, ఒక కొలగ్లాసు, రెండు ఉష్ణమాపకాలు, గట్టి అట్ట రిజిస్టరు ఒకటి. గేటుకు పెట్టే పేరుబోర్డు ఖర్చు కంటే తక్కువే అవుతుంది. డబ్బాను చెట్లకూ, గోడలకూ దూరంగా, వాటి ఎత్తుకు రెండింతల ఎడంలో పెట్టాలి. మన ఆటస్థలం మూల అందుకు సరిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు వారానికి ఇద్దరు చొప్పున ప్రార్థనకు ముందే చూసి రాస్తారు. సైన్సు టీచరు నెలాఖరున సంతకం పెడతారు. ఎండాకాలం సెలవుల్లోనూ, దసరా సెలవుల్లోనూ ఎవరు చూస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఊళ్లో ఉండే పాత విద్యార్థులు ముందుకొస్తే ఆ వంతులు ఇప్పుడే రాసుకుందాం.